సమ్మర్ ఆఫ్ కోడ్‌లో సీటు కావాలా? డిసెంబరులోనే మొదలుపెట్టండి

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అంటే ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చగలిగే సాఫ్ట్‌వేర్) సంస్థలకు స్టైపెండ్‌తో కోడ్ రాసే కార్యక్రమం. దాని దరఖాస్తులు మార్చి రెండో సగంలో తెరుచుకుని, మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో ముగుస్తాయి. ఆ రెండు వారాల్లోనే సంస్థను వెతుక్కుని ప్రపోజల్ రాద్దామంటే ఆలస్యమైపోయినట్టే. మెంటర్ (సంస్థ తరఫున దారి చూపే వ్యక్తి) ప్రపోజల్ తెరవకముందే ఆ పేరుతో తమ రిపాజిటరీలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) మెర్జ్ అయిన, అంటే అసలు కోడ్‌లో కలిసిన, పుల్ రిక్వెస్టులు (కలపమని పంపే మార్పులు) ఏమైనా ఉన్నాయా అని చూస్తాడు. అవి చేతిలో ఉండాలంటే మూడు నెలలు ముందు దిగాలి.

2005లో మొదలైన ఈ కార్యక్రమం చాలా ఏళ్లు విద్యార్థులకే పరిమితం. 2022 నుంచి 18 నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లైతే ఉద్యోగం చేస్తున్నవాళ్లూ దరఖాస్తు చేయొచ్చు. ప్రాజెక్టులు 90, 175, 350 గంటల చొప్పున మూడు సైజుల్లో ఉంటాయి. స్టైపెండ్ దేశాన్ని బట్టి మారుతుంది. మధ్యలో జరిగే మూల్యాంకనం పాసైతే 45 శాతం, చివరిది పాసైతే 55 శాతం ఇస్తారు. ఒకరు మూడు ప్రపోజల్స్ దాకా పంపొచ్చు. మూడూ పంపడం కంటే ఒకటో రెండో గట్టిగా రాయడం మేలు.

ఆ ఏటి సంస్థల జాబితా ఫిబ్రవరి రెండో సగంలో గానీ రాదు. అందాకా గత సంవత్సరాల జాబితాలు చూడండి. వరసగా మూడు నాలుగేళ్లు కనిపించినవి, జావాస్క్రిప్ట్ లేదా టైప్‌స్క్రిప్ట్‌తో నడిచేవి ఏరుకోండి. తర్వాత వాటి రిపాజిటరీల్లో గత నెలలో బయటివాళ్లు పంపిన పుల్ రిక్వెస్టులు తెరిచి, మొదటి జవాబు ఎన్ని రోజులకు వచ్చిందో లెక్కపెట్టండి. రెండు వారాలైనా ఉలుకూ పలుకూ లేని చోట మీ డిసెంబరు వృథా చేసుకోకండి.

సెటప్‌లోనే చాలామంది దొరికిపోతారు. రిపాజిటరీని మీ ఖాతాలోకి ఫోర్క్ (కాపీ) చేసి, దాన్ని కంప్యూటర్‌లోకి క్లోన్ చేసి, అసలు రిపాజిటరీని అప్‌స్ట్రీమ్‌గా (కొత్త మార్పులు తెచ్చుకునే మూలంగా) జోడించండి. డాట్ ఎన్‌వీఎంఆర్‌సీ (.nvmrc) ఫైల్ ఉంటే అందులో ఉన్న నోడ్ (జావాస్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రామ్) వెర్షనే వాడండి. ప్యాకేజీలకు ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (npm install) బదులు ఎన్‌పీఎం సీఐ (npm ci) కొట్టండి. మొదటిది లాక్ ఫైల్‌ను (ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండేదాన్ని) మార్చేయగలదు. మీరు చేసిన రెండు లైన్ల మార్పు వెనక వేల లైన్ల చెత్త పోగవుతుంది. విండోస్ వాడేవాళ్లు క్లోన్ చేయకముందే గిట్‌లో ఆటోసీఆర్ఎల్ఎఫ్‌ (core.autocrlf) సెట్టింగును ఇన్‌పుట్‌గా (input) పెట్టుకోవాలి. లేకపోతే లైన్ చివరి గుర్తులు మారిపోయి ప్రెటియర్ (కోడ్ రాసిన తీరును సరిచూసే టూల్) ప్రతి లైన్‌కూ తప్పు చూపిస్తుంది. కమిట్‌కు (మార్పులను గిట్‌లో నమోదు చేయడానికి) ముందు గిట్ డిఫ్‌ను స్టాట్ ఆప్షన్‌తో (git diff --stat) ఒకసారి చూడండి. మీరు ముట్టుకోని ఫైల్ అందులో కనిపిస్తే ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు దాన్ని తిరగరాసిందన్నమాట.

రిపాజిటరీలో బగ్‌లనూ పనులనూ ‘ఇష్యూ’లుగా నమోదు చేస్తారు. కొత్తవాళ్లకు తేలికని ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ లేబుల్ వేసినవాటి కింద ‘నాకు అసైన్ చేయండి’ అనే కామెంట్లు బారులు తీరి ఉంటాయి. ఆ క్యూలో నిలబడేకన్నా మీరే ఒక బగ్ పట్టుకోండి. ఇక్కడ తెలుగు చదవడం వచ్చినవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. జావాస్క్రిప్ట్‌లో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం లెంగ్త్ (జావాస్క్రిప్ట్ లెక్కించే పొడవు) 6. శీర్షికను 20 దగ్గర స్లైస్ చేసే (కోసే) కోడ్‌లో తెలుగు వాక్యం పెడితే కోత అక్షరం మధ్యలో పడొచ్చు. చివర ‘స్’ మిగిలి దాని వెనక మూడు చుక్కలు వస్తాయి. టెక్స్ట్ బాక్స్ కింద కనిపించే అక్షరాల లెక్కా ఇలాగే తప్పుతుంది. లైన్ హైట్ 1, ఓవర్‌ఫ్లో హిడెన్ కలిసిన బటన్లలో ‘లక్ష్మి’ అని రాసి చూడండి, కింది ఒత్తు తెగిపోతుంది. ఇంగ్లీషుతోనే పరీక్షించేవాళ్లకు ఇవి కంటపడవు.

కోత సమస్యకు సరైన మందు ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter), అంటే మాటను మనం చదివే అక్షరాలుగా విడదీసే జావాస్క్రిప్ట్ సదుపాయం. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 125లోనూ రావడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఇప్పుడు ఉంది. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదన్న నియమం యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ ఉన్న ప్రమాణం) 15.1లో చేరింది. అందుకే పాత బ్రౌజర్ ‘స్త్రీ’ని మూడు ముక్కలుగా, కొత్తది ఒక్కటిగా లెక్కిస్తుంది. టెస్టులో కచ్చితమైన సంఖ్య రాస్తే మీ కంప్యూటర్‌లో పాసై, సీఐలో (మీరు పంపిన మార్పుపై టెస్టులను దానంతటదే నడిపే వ్యవస్థలో) ఫెయిలవ్వొచ్చు.

బగ్‌కు ముందు ఇష్యూ తెరవండి: ఏ బ్రౌజర్, ఏ వెర్షన్, ఏ మాట టైప్ చేస్తే ఏం జరిగింది, పక్కన స్క్రీన్‌షాట్. మెయింటెయినర్ (రిపాజిటరీ చూసుకునే వ్యక్తి) సరేనన్నాకే కోడ్ రాయండి. ఒక పుల్ రిక్వెస్టులో ఒకే మార్పు ఉండాలి. వివరణలో ‘ఫిక్సెస్’ (Fixes) అని ఇంగ్లీషులో రాసి ఇష్యూ నంబర్ ఇస్తే మెర్జ్ అయినప్పుడు ఇష్యూ దానంతటదే మూసుకుంటుంది. కొన్ని సంస్థలు ప్రతి కమిట్‌కూ సైన్ ఆఫ్ (ఆ కోడ్ పంపే హక్కు మీకుందని మీ పేరుతో చెప్పే లైన్) అడుగుతాయి; మరిచిపోతే ఆ ఒక్క చెక్ దగ్గరే ఆగిపోతుంది. మొదటిసారి పంపినప్పుడు సీఐ నడవకపోతే కంగారు పడకండి, కొత్తవాళ్లకు మెయింటెయినర్ అనుమతి నొక్కాల్సి ఉంటుంది.

రివ్యూలో మార్పులు అడిగితే అదే బ్రాంచ్‌కు పుష్ చేయాలి. పాతది మూసి కొత్తది తెరిస్తే అప్పటిదాకా జరిగిన చర్చ వేరుపడిపోయి రివ్యూ చేసేవాళ్లకు చిర్రెత్తుతుంది. ఏఐ రాసిచ్చిన కోడ్‌లో ‘ఈ లైన్ ఎందుకు?’ అని అడిగితే చెప్పలేకపోవడం ఇంకా చేటు. జవాబు కోసం వారం ఆగి, అప్పుడు ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. మెంటర్లు యూరప్‌లో ఉంటే మన సాయంత్రం వేళ వాళ్లకు మధ్యాహ్నం, అప్పుడు పలకరిస్తే త్వరగా పలుకుతారు.

ఇలా మూడు నాలుగు మెర్జ్ అయ్యేసరికి ఫిబ్రవరి వస్తుంది. సంస్థ ఇచ్చే ప్రాజెక్టు ఐడియాల జాబితాలో మీరు ముట్టుకున్న కోడ్‌కు దగ్గరగా ఉన్నది ఎంచుకుని, మామూలుగా ఉండే 12 వారాలను వారం వారీగా విడగొట్టండి. సెమిస్టర్ పరీక్షలు ఏ వారాల్లో పడతాయో దాచకుండా రాయండి. టెస్టులకూ డాక్యుమెంటేషన్‌కూ విడిగా సమయం చూపించండి. వాటిని చివరి వారంలో కుక్కిన ప్రపోజల్స్‌ను మెంటర్లు ఇట్టే పసిగడతారు. డ్రాఫ్ట్‌ను గడువుకు రెండు వారాల ముందే చూపిస్తే సలహాలు వస్తాయి. ఆఖరి రోజు పంపితే చదివే తీరిక ఎవరికీ ఉండదు.

గడువు 18:00 యూటీసీ, అంటే మనకు రాత్రి 11:30. పీడీఎఫ్‌ను ముందు రోజే అప్‌లోడ్ చేసి పెట్టండి, గడువు లోపల మళ్లీ మార్చుకోవచ్చు.