దూరప్రయాణంలో తక్కువ ఖర్చుతో రాత్రి బస

నెలల తరబడి రైళ్లలో దేశం తిరిగేవారు బస కోసం ముందుగా స్టేషన్లలోని రిటైరింగ్ రూములను చూసుకోవడం మంచిది. పెద్ద స్టేషన్లలో గదులతో పాటు డార్మిటరీ మంచాలు కూడా ఉంటాయి. ఖరారైన టికెట్టు గాని ఆర్‌ఏసీ టికెట్టు గాని ఉంటే, దాని పీఎన్‌ఆర్ సంఖ్యతో వాటిని ఐఆర్‌సీటీసీ ద్వారా బుక్ చేసుకోవచ్చు. అయితే టికెట్టుపై ఉన్న బయలుదేరే స్టేషన్‌లోనో, చేరే స్టేషన్‌లోనో మాత్రమే బస దొరుకుతుంది కాబట్టి, విజయవాడ నుంచి వారణాసికి వెళ్తూ నాగ్‌పూర్‌లో ఒక రాత్రి ఆగదలచినవారు నాగ్‌పూర్ వరకు ఒక టికెట్టు, అక్కడి నుంచి మరొకటి తీసుకోవాలి. ఇలా కొంటే ఛార్జీ కొంత పెరిగే మాట నిజమే గాని, అర్ధరాత్రి ఆటోవాలా చూపించిన లాడ్జిలో దిగడం కన్నా అది చాలా నయం. డార్మిటరీలో సంచిని మంచం కోడుకు గొలుసుతో కట్టి తాళం వేసి, ఫోనును, డబ్బును ఒంటి మీదే ఉంచుకోవాలి.

వారణాసిలో ఎక్కువ రోజులు ఉండేవారు పాండే హవేలీలోని శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం వంటి తెలుగు సత్రాలను సంప్రదించవచ్చు. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేసే ఆచారం మనవారికి ఉన్నందున, అన్ని రోజుల బస అడిగితే అక్కడ ఎవరూ వింతగా చూడరు. కొన్ని సత్రాలు ఒంటరి ప్రయాణికులకు గది ఇవ్వవు గనుక, ఆ సంగతి ముందే ఫోన్‌లో కనుక్కోవాలి.