చెరువు ఎఫ్‌టీఎల్ గీత తేల్చుకోవడం, ఆక్రమణపై ఫిర్యాదు రాయడం

వేసవిలో కట్ట దగ్గర కాసిని నీళ్లు మిగిలి, మిగతాదంతా బీడులా కనిపించే రోజుల్లోనే చెరువు భూములు ఎక్కువగా చేతులు మారతాయి. "ఇక్కడిదాకా నీళ్లెప్పుడూ రావండీ" అనే మాట వినిపించేదీ అప్పుడే. నీళ్లు ఇవాళ ఎక్కడున్నాయో నిబంధనలకు అక్కర్లేదు. చెరువు నిండి మత్తడి (అలుగు) దూకబోయే వేళ ఎక్కడిదాకా పరుచుకుంటాయో ఆ గీతే ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్. మత్తడి పైఅంచు ఎంత ఎత్తులో ఉందో ఎఫ్‌టీఎల్ కూడా అంతే ఎత్తు. తెలంగాణలో ప్లాటు కొనాలన్నా, ఆక్రమణ మీద ఫిర్యాదు ఇవ్వాలన్నా ముందు తేల్చుకోవాల్సింది దీన్నే.

భవన నిర్మాణ నిబంధనలపై 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 ప్రకారం ఎఫ్‌టీఎల్ లోపల, శిఖం భూముల్లో (చెరువు నీట మునిగే భూముల్లో) ఏ కట్టడమూ కుదరదు. గీత బయట బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన ఖాళీ, ఉంటుంది. పది హెక్టార్లు, అంటే సుమారు 24 ఎకరాల 28 గుంటలు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు. అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. పది మీటర్ల కన్నా వెడల్పున్న కాలువకు, వాగుకు 9 మీటర్లు, ఆలోపు నాలాకు 2 మీటర్లు. టేపు పెట్టాల్సింది ఎఫ్‌టీఎల్ గీత నుంచి బయటికి; నీటి అంచు నుంచి కాదు. కొలిచే ముందు ఈ ఉత్తర్వుకు తర్వాత సవరణలేమైనా వచ్చాయేమో ఒకసారి చూసుకోండి.

పట్టా ఉంది కదా అంటారు. శిఖంలో పట్టా భూములు నిజంగానే ఉంటాయి. నీళ్లు తగ్గాక సాగు చేసుకోవడానికే అది పనికొస్తుంది, మట్టి పోసి ఎత్తు పెంచడానికో గోడ లేపడానికో కాదు.

గీత పట్టుకోవడానికి హైదరాబాద్ చుట్టుపక్కలైతే ముందు హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్ చూడండి. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే చెరువు మ్యాపు, లోపలికి వచ్చే సర్వే నంబర్లు, నోటిఫికేషన్ దశ కనిపిస్తాయి. ప్రాథమిక నోటిఫికేషన్‌కూ తుది నోటిఫికేషన్‌కూ చాలా తేడా ఉంది. ప్రాథమిక దశలో ఆక్షేపణలు తీసుకుంటారు, గీత ఇంకా అటూ ఇటూ జరగొచ్చు. గీత లోపలికి జరిగిందనిపిస్తే గడువులోపే రాతపూర్వకంగా ఆక్షేపణ ఇచ్చి రసీదు తీసుకోండి. భూములున్నవాళ్లు తప్పకుండా ఇస్తారు. చెరువు తరఫున మాత్రం ఎవరూ ఇవ్వరు. గీత కుంచించుకుపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఆక్షేపణకు బలం కాగితాల నుంచే రావాలి. ఇవి సేకరించండి:

1. గ్రామ నక్ష (గ్రామ పటం), 1954–55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు). ఏ సర్వే నంబరు శిఖమో, ఎంత విస్తీర్ణమో అందులో ఉంటుంది.
2. సాగునీటి శాఖ దగ్గరి చెరువు మెమాయిర్ (చెరువు కొలతల రికార్డు): మత్తడి మట్టం, పొడవు, తూముల మట్టం, ఎఫ్‌టీఎల్ విస్తీర్ణం.
3. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు, చెరువులు చూపే పటం).
4. గూగుల్ ఎర్త్ పాత చిత్రాలు. హైదరాబాద్‌లో 2020 అక్టోబర్ కుండపోత తర్వాతివి దొరికితే మంచిది.

మొదటి రెండూ ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. "చెరువు వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. సర్వే నంబరు, మత్తడి మట్టం, రెవెన్యూ–సాగునీటి శాఖల ఉమ్మడి సర్వే నివేదిక నకలు అని విడివిడిగా అడగాలి.

కాగితం మీది గీత సరిగ్గానే ఉన్నా నేల మీద రెండు మోసాలు జరుగుతాయి. మత్తడిని పగలగొట్టడమో, అంచు తగ్గించడమో ఒకటి; అప్పుడు చెరువు పూర్తిగా నిండదు, పై భూమి ఎప్పుడూ పొడిగానే కనిపిస్తుంది. ఎగువ నుంచి నీళ్లు తెచ్చే కాలువను పూడ్చడం రెండోది. కాబట్టి కట్ట ఒక్కటే చూసి రాకండి. మత్తడి అంచును మెమాయిర్‌లోని మట్టంతో లెవెల్ యంత్రం పెట్టి పోల్చాలి, ఎగువ కాలువ వెంబడి నడవాలి.

ఫిర్యాదు ఒక పేజీ దాటనక్కర్లేదు. చెరువు పేరు, సర్వే నంబరు, జీపీఎస్ అంకెలు, తేదీ పడిన ఫొటోలు, ఏ నిబంధన దాటారో రాసి తహసీల్దారుకు, సాగునీటి శాఖ ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు), పట్టణమైతే మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలైతే చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాకూ ఒక ప్రతి.

చాలామంది 2017 చిత్తడి నేలల నిబంధనలను ఉటంకిస్తారు. సాగునీటి కోసమే తవ్విన చెరువులను ఆ నిబంధనలే మినహాయించాయి. అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. అందుకే ఊరి చెరువుకు జీవో 168, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ రాష్ట్ర చట్టం) ముందు పెట్టండి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లేటప్పుడు మాత్రం వాల్టా చాలదు, దాని పరిధిలోని చట్టాల్లో అది లేదు. మురుగు కలుస్తోందంటే 1974 నీటి కాలుష్య చట్టం, దాంతోపాటు 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం ఆధారంగా వేయాలి. ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద దరఖాస్తుకు ఆరు నెలలే గడువు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. ఆ గడువు వివాదం మొదట తలెత్తిన రోజు నుంచి నడుస్తుంది; మీరు ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి కాదు. మొదటి లారీ మట్టి పడిన నాటి ఫొటోను తేదీతో సహా దాచుకోండి.