ఫెరిటిన్ గుల్లలో మందు నింపడం – 4వ పాఠం: మందు లోపలుందా, బయట అంటుకుందా?

ఈ పాఠంలో గుల్లకు రంగు అద్దకం తగిలించి కణాల్లో చూడాలి. అది వాయిదా. ఫెరిటిన్ అంటే 24 ముక్కలు చేరి కట్టిన బోలు ప్రోటీన్ గుల్ల. పోయిన పాఠంలో దాన్ని ఆమ్లంలో విప్పి, మందు కలిపి, క్షారంతో మళ్లీ మూశాం. అది చేసినవాళ్లు రెండుచోట్ల ఆగిపోయారు. కొందరికి క్షారం పోయగానే ద్రావణం పాలలా విరిగింది. ఇంకొందరికి ఒక్కో గుల్లకు వంద, నూటయాభై డాక్సోరూబిసిన్ (మనం నింపే క్యాన్సర్ మందు) అణువులు లెక్కకొచ్చాయి. మొదటివాళ్ల పని నయం. తప్పు కంటికి కనబడింది, ఆగారు. రెండోవాళ్లు సంబరపడ్డారు.

ముందు విరిగిన ద్రావణం సంగతి. గుర్రపు ప్లీహపు అపోఫెరిటిన్ (ఇనుము తీసేసిన ఖాళీ ఫెరిటిన్) సమవిద్యుత్ బిందువు పీహెచ్ 4.4 దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ ప్రోటీన్ నికర ఆవేశం సున్నా. ఒకదాన్నొకటి నెట్టుకోవడం మానేసి ముద్దకడతాయి. పీహెచ్ 2 నుంచి 7.4కి వెళ్లే దారి ఆ ఊబి మీదుగానే. "నెమ్మదిగా పెంచండి" అన్న మాటను కొందరు మరీ నిష్ఠగా పాటించి 4–5 మధ్య పది నిమిషాలు గడిపారు. తప్పు నాది, సరిగా చెప్పలేదు. 3 నుంచి 6 దాకా ఒక్క ఊపున దాటాలి. నెమ్మది ఆ తర్వాతే.

అలాగని 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను ధారగా పోయకండి. చుక్క పడ్డచోట పీహెచ్ క్షణంపాటు పదికి పైగా పోతుంది. డాక్సోరూబిసిన్ తన మీది ప్రోటాన్లను వదిలేసి, నారింజ ఎరుపు నుంచి ఊదాకు తిరిగి, అవక్షేపంగా దిగుతుంది. అంచున ఊదా చార కనిపించిందంటే ఇదే. 1 మోలార్ ట్రిస్ బఫర్‌ను పీహెచ్ 8.5 దగ్గర సిద్ధం చేసుకుని, దానితో 6 దాటించి, మిగతాది పలుచని క్షారంతో సరిచేయడం నా పద్ధతి. ఫాస్ఫేట్ బఫర్ మాత్రం వద్దు. అందులో ఈ మందు గంటల తరబడి మెల్లగా దిగిపోతూనే ఉంటుంది.

సరిచేసిన కొలతలు ఇవి. ప్రోటీన్ 2.5 మి.గ్రా., 0.15 మోలార్ ఉప్పు నీటిలో. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2.0కి దించి 15 నిమిషాలు కలపాలి. 10 మిల్లీమోలార్ మందు ద్రావణం 113 మైక్రోలీటర్లు, అంటే గుల్లకు 200 అణువుల వంతున, కలిపి మరో 15 నిమిషాలు. అంతకుమించి ఆమ్లంలో ఉంచకండి. అక్కడ మందులోని చక్కెర భాగం తెగిపోయి నీటిలో కరగని ముక్క మిగులుతుంది. తర్వాత 7.4కి తెచ్చి, చివరి పరిమాణం 2.5 మి.లీ. అయ్యేలా చూసి, చీకట్లో 2 గంటలు ఉంచండి. 15,000 జి దగ్గర 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి పైతేటనే కాలమ్‌లో (పెద్ద అణువులను ముందు, చిన్నవాటిని వెనక వదిలే గొట్టంలో) పోయండి. ఇది కణాలను చంపే మందు. చేతొడుగులు, విడి వ్యర్థాల డబ్బా గురించి మళ్లీ చెప్పను.

ఎనిమిది మోలార్ యూరియాతో గుల్లను విప్పి, మెట్లుమెట్లుగా డయాలిసిస్ (చిన్న అణువులను మాత్రమే పోనిచ్చే పొర గుండా వడకట్టడం) చేసే పద్ధతి కూడా ఉంది. మంచిదే. కానీ నేర్చుకునే దశలో ఒక్క పూటలో తేలే పీహెచ్ పద్ధతికే నా ఓటు.

ఇక నూటయాభై అణువుల సంగతి. గుల్ల లోపలి వ్యాసం 8 నానోమీటర్లు, అంటే పరిమాణం సుమారు 268 ఘన నానోమీటర్లు. అంత చోటులో ఒక్క అణువు ఉంటే దాని గాఢత ఎంత? సుమారు 6.2 మిల్లీమోలార్. మీరు కలిపిన మందు 0.45 మిల్లీమోలార్. అంటే 24 ముక్కలు మళ్లీ గుల్లగా మూసుకునేటప్పుడు, చుట్టూ ఉన్న ద్రావణాన్ని ఉన్నదున్నట్టు బంధిస్తే, పద్నాలుగు గుల్లల్లో ఒకదానికి ఒక్క అణువు దక్కుతుంది. అంతే.

మరి ప్రచురితమైన పనుల్లో గుల్లకు ముప్పై దరిదాపు అణువులు ఎలా వచ్చాయి? ఆకర్షణ వల్ల. 7.4 దగ్గర ప్రోటీన్ మొత్తం మీద రుణావేశం, మందు అణువు మీద ధనావేశం. లోపలి గోడ ఆమ్ల అవశేషాలు (రుణావేశమున్న అమైనో ఆమ్లాలు) మందును పట్టుకుంటాయి. ఇక్కడే ఉచ్చు ఉంది. బయటి గోడ మీద ఆమ్ల అవశేషాలు లేవా? ఉన్నాయి. అదీ పట్టుకుంటుంది. కాలమ్ నుంచి ప్రోటీన్‌తో పాటు ఎరుపు వచ్చిందంటే "రెండూ కలిసి ప్రయాణించాయి" అని మాత్రమే అర్థం. లోపల ఉందని కాదు. బయట అంటుకున్న మందు సీరం తగలగానే ఊడిపోతుంది. ఊడినది తనంతట తాను కణంలోకి చొరబడి కేంద్రకాన్ని ఎర్రగా వెలిగిస్తుంది. మీరేమో గుల్లే మోసుకెళ్లిందని రాసుకుంటారు.

అందుకే మూడు గొట్టాలు, ప్రతిసారీ. మొదటిది అసలు ప్రయోగం. రెండోదానిలో అదే ప్రోటీన్, అదే మందు, అదే ఉప్పు, అదే రెండు గంటలు. కానీ పీహెచ్ మొదటి నుంచి చివరిదాకా 7.4. గుల్ల విప్పుకోలేదు కాబట్టి అందులో కనిపించే మందు దాదాపు అంతా బయటిదే. మూడోదానిలో ప్రోటీన్ ఉండదు. మందు ఒక్కటే ఆమ్లం, క్షారం చుట్టి వస్తుంది. మందు అణువులు తమలో తాము గుంపుకట్టి, పెద్ద ప్రోటీన్‌లాగా కాలమ్‌లో ముందే బయటపడుతున్నాయా అన్నది అది చెబుతుంది. చాలామంది రెండోదాన్ని చేస్తారు, మూడోదాన్ని ఎగ్గొడతారు. సెంట్రిఫ్యూజ్ ఎగ్గొట్టినవాళ్లకు మూడో గొట్టమే బుద్ధి చెబుతుంది.

రెండో గొట్టపు అంకె పెద్దదిగా వస్తే కాలమ్ బఫర్‌లో ఉప్పు 0.5 మోలార్‌కు పెంచి మళ్లీ నడపండి. ఆవేశంతో అంటుకున్నది చాలావరకు వదులుతుంది. డయాలిసిస్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. మందు పొరకు కూడా అంటుకుని "బయటికి పోయింది" అనిపిస్తుంది.

కొలిచేటప్పుడు ఫ్లోరోసెన్స్ జోలికి పోకండి. గుల్లలో కిక్కిరిసిన మందు తన వెలుగును తానే ఆర్పుకుంటుంది, అంకె తక్కువగా వస్తుంది. 480 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ (కాంతి శోషణ) తీసి 11,500తో భాగించండి, మందు గాఢత మోలార్‌లో వస్తుంది. ప్రోటీన్‌ను కొలవడానికి 280 నానోమీటర్లు వాడితే మందు కూడా అక్కడ శోషిస్తుంది, ప్రోటీన్ ఎక్కువగా, నిష్పత్తి తక్కువగా తేలుతుంది. బ్రాడ్‌ఫోర్డ్ (రంగుతో ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) చేయండి. ప్రమాణరేఖ అదే అపోఫెరిటిన్‌తో గీయండి.

ఇంకొక్క మాట. గుల్ల ముక్కలు రెండు రకాలు, ఎల్ గొలుసు, హెచ్ గొలుసు. గుర్రపు ప్లీహపు ఫెరిటిన్ ఎక్కువగా ఎల్ గొలుసులే. కణం పైన ఉండే మానవ ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం–1 పట్టుకునేది హెచ్ గొలుసును. ఆ సంగతి 2010లో తేలింది. నింపడం నేర్చుకోవడానికి గుర్రానిది చాలు. గురి చూసి కణానికి పంపాలంటే మానవ హెచ్ ఫెరిటిన్ తెప్పించుకోవాలి.

అభ్యాసం. మూడు గొట్టాల్లోనూ 2.5 మి.లీ. పోసి, కాలమ్ నుంచి 3.5 మి.లీ. సేకరించారు. ఒకటిలో అబ్సార్బెన్స్ 0.46, ప్రోటీన్ మి.లీ.కి 0.532 మి.గ్రా. రెండులో 0.23, 0.709 మి.గ్రా. మూడులో 0.046. గుల్ల అణుభారం 4,43,000. మూడో గొట్టపు మందును తీసేశాక మొదటిదానికి 30, రెండోదానికి 10 రావాలి. రాకపోతే ఎక్కడ జారారో వెతకండి. వచ్చాక అసలు ప్రశ్నలు. 30లోంచి 10 తీసేసి "లోపల 20" అని రాయవచ్చా? విప్పి మూసిన గుల్ల బయటి గోడ, విప్పని గుల్ల బయటి గోడ ఒకేలా ఉంటాయా? అన్ని ముక్కలూ తిరిగి చేరని, చిల్లులున్న గుల్లలు కొన్ని ఉంటే ఏమవుతుంది? మొదటి గొట్టంలో నాలుగో వంతు ప్రోటీన్ మాయమైంది. అది పోయినచోటికి ఎంత మందును వెంటబెట్టుకుపోయిందో తెలుసుకోవడానికి ఏ ముద్దను, దేనిలో కరిగించి కొలుస్తారు? జవాబు రాసి పెట్టుకున్నాకే అద్దకం పాఠానికి రండి.