క్లైమేట్‌కి తెలుగులో ఎక్కడ ఏ మాట వాడాలి

తిరుపతి బాలాజీ కాలనీలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. టైపింగుతో పాటు ఇంగ్లీషు కాగితాలకు తెలుగు కూడా చేసిస్తాను: కరపత్రాలు, స్కూలు ప్రాజెక్టులు, మోటార్ల వాడకం కాగితాలు. వీటిలో నా చెయ్యి ఎక్కువసార్లు ఆగిపోయేది క్లైమేట్ అనే మాట దగ్గర.

కొన్నేళ్ల కిందట మామిడి రైతుల కోసం ఒక కరపత్రం చేశాను. 'ఈ ప్రాంతపు వాతావరణం మారింది, పూత దశలో జాగ్రత్త' అని మొదటి వరుస. అడుగున నా షాపు నంబరు. మరుసటి వారం పాకాల వైపు నుంచి ఒక పెద్దాయన ఫోను చేశాడు. "వాతావరణం మారిందని వేసినావు గదమ్మా, తోతాపురికి రేపు మందు కొట్టేదా, మానేదా?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. రైతుకు వాతావరణం అంటే ఈరోజు, రేపు, మహా అయితే వారం. ఇంగ్లీషులో రాసినాయన చెప్పింది పదుల ఏళ్ల మార్పు. రెండింటినీ నేను ఒకే మాటలో కలిపేశాను. ఆయన అడక్కుండానే మందు మానేసి ఉంటే పూత ఏమయ్యేదో అని చాలా రోజులు దిగులుపడ్డాను.

అప్పటినుంచి మాట వెతికే ముందు ఒకటి తేల్చుకుంటాను. ఈ వాక్యం ఎంత కాలం గురించి చెబుతోంది? మీరూ అక్కడే మొదలుపెట్టండి.

రోజుల లెక్క అయితే వాతావరణం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారినప్పటి వాన వాతావరణం. మన వైపు పెద్దవానలు జూన్‌లో కాకుండా అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో రావడం మాత్రం ఏళ్ల తరబడి నిలిచిన తీరు. దానికి శీతోష్ణస్థితి అనే మాట ఉంది. ప్రపంచ వాతావరణ సంస్థ ఇలాంటి తీరును 30 ఏళ్ల సగటుతో లెక్కగడుతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991 నుంచి 2020 దాకా తీసిన సగటు.

సైన్సు పాఠంలో ఇంకో చిక్కు ఉంది. వాత, ఆవరణం కలిసి వాతావరణం అయింది, అంటే భూమిని చుట్టుకున్న గాలి. పాఠంలో ఆ అర్థం కూడా వస్తే నేను దాన్ని 'గాలి పొర' అని విడిగా రాస్తాను. లేకపోతే ఒకే పేజీలో ఒకే మాట మూడు పనులు చేయాల్సి వస్తుంది, పిల్లలు తికమకపడతారు.

శీతోష్ణస్థితి పరీక్ష పేపర్లో బాగుంటుంది. కరపత్రంలో పెడితే మాత్రం చదివేవాళ్లు దాటేసి పోతారు. పైగా ఆ మాటలో చలి, వేడి ఉన్నాయి గానీ వాన లేదు. అందుకే 'ఎండావానల తీరు' అంటాను. కార్తె పేరు చెబితే ఇంకా సూటిగా తగులుతుంది. మే చివర అనేకంటే రోహిణి కార్తె అనండి, రోళ్లు పగిలే ఎండలని వేరే చెప్పక్కర్లేదు. ఆ కరపత్రాన్ని రెండోసారి అచ్చు వేసేటప్పుడు ఇలా మార్చాను: 'కొన్నేళ్లుగా ఎండావానల తీరు మారుతూ వస్తోంది. రేపు వాన ఉందో లేదో వాతావరణ సూచన చూసుకుని మందు కొట్టండి.' అచ్చుకు పోయే ముందు పాకాల పెద్దాయనకే ఫోనులో చదివి వినిపించాను.

క్లైమేట్ చేంజ్‌కు పత్రికల్లో 'వాతావరణ మార్పు' స్థిరపడిపోయింది, అదే రాయండి. పర్యావరణం అని మాత్రం రాయొద్దు. అది చెట్టు, చెరువు, నేల అన్నీ కలిసిన మాట. జూన్ 5న బడిలో జరిపేది పర్యావరణ దినోత్సవం.

ఇక నోటి మాట. "ఈరోజు క్లైమేట్ బాగుందే" అని మన ఊళ్లో ఎండ కాసే రోజు ఎవరూ అనరు. మోడం పట్టి, కపిలతీర్థం వెనక కొండ మసకబారి, చల్లగాలి తగిలితేనే అంటారు. దీన్ని 'వాతావరణం అనుకూలంగా ఉంది' అని రాస్తే ఆ చల్లదనమంతా పోతుంది. 'మోడం పట్టి చల్లగా ఉంది' అంటే చాలు. మోడం మా సీమ మాట. వేరే జిల్లాల వాళ్లకు మబ్బు అని రాయండి. మా దగ్గర మబ్బుకు తెల్లవారుజాము చీకటి అనే అర్థం కూడా ఉంది, 'మబ్బుతోనే లేచింది' అంటాం. ఉక్కపోత, ముసురు, తుంపర, జడివాన లాంటి మాటలు ఉండగా అన్నింటికీ వాతావరణాన్నే పిలవడం నాకు నచ్చదు.

ఊరు మారి జ్వరమొచ్చిన పిల్ల "అక్కడి క్లైమేట్ పడలేదు" అంటుంది. వాళ్లమ్మ మాటలో అది "నీళ్లు పడలేదు". రాసేటప్పుడు నేను అమ్మ మాటే తీసుకుంటాను. మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్‌కు పోవడాన్ని మాత్రం 'గాలి మార్పు కోసం' అని రాస్తాను.

మనుషుల మధ్య సంగతికి వాతావరణం చక్కగా సరిపోతుంది: ఇంట్లో వాతావరణం బాగాలేదు, మీటింగులో వాతావరణం వేడెక్కింది. 'పండగ వాతావరణం నెలకొంది' మాత్రం వాడి వాడి అరిగిపోయింది. దాని బదులు గుమ్మానికి కట్టిన మామిడాకుల గురించి ఒక వాక్యం రాయండి. ఎన్నికలప్పుడు టీ అంగడి దగ్గర అడిగేది "ఈసారి గాలి ఎట్లుందన్నా?" అని. అక్కడ గాలి అనే రాస్తాను.