వృషణంలో గడ్డ: హానిలేనిదాన్ని స్కానింగ్‌లో గుర్తించే పద్ధతి
ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువారిలో కొందరు ఏ వాపునైనా వరిబీజమేననుకుని సిగ్గుతో దాచుకుంటారు గనుక, ముందుగా నొప్పి, జ్వరం, దెబ్బల వివరాలను ఏకాంతంలో అడగాలి.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, వృషణాల సంచి కింద మడిచిన తువ్వాలు ఉంచి, అల్ట్రాసౌండ్ యంత్రపు 7 నుంచి 15 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబ్‌తో (చర్మంపై ఆనించి చూసే సాధనం) మొదట బాగున్న వైపును, తరువాత వాపు వైపును చూడాలి. గడ్డ వృషణం లోపల ఉందా, వెలుపల ఉందా అన్నదే మొదట తేల్చాలి; వెలుపలివి ఎక్కువగా హానిలేనివి. ఎపిడిడిమిస్‌లో (వృషణం వెనుక ఉండే, వీర్యకణాలు నిల్వ ఉండే గొట్టం) పలుచని గోడతో, లోపల నల్లగా, వెనుక ప్రకాశవంతంగా కనిపించేది నీటితిత్తి. బరంపురం ఉన్న గంజాం జిల్లా తీరంలో ఫైలేరియా (బోదకాలు జబ్బు) ఉన్నందున, వరిబీజం కనిపించినప్పుడు లింఫు నాళాల్లో పురుగులు మెలికలు తిరుగుతున్నాయేమో ప్రోబ్ కదపకుండా కాసేపు గమనించడం మంచిది. సిరల ఉబ్బు అనుమానముంటే రోగిని నిలబెట్టి, ముక్కమని చెప్పి, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌ స్కానింగ్‌తో చూడాలి.

లోపలి గడ్డ విషయంలో తొందర తగదు. ఉల్లిపొరల వంటి వలయాలుండి, రక్తప్రసరణ కనిపించకపోతే ఎపిడెర్మాయిడ్ సిస్ట్ అనే హానిలేని తిత్తి కావచ్చు. అయినా స్కానింగ్ ఒక్కదానితో తేల్చక, వృషణ క్యాన్సర్ జాడ తెలిపే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్తపరీక్షలు చేయించి యూరాలజిస్టు వద్దకు పంపాలి. రక్తప్రసరణ ఉన్న ఘనమైన గడ్డను, వేరొకటని రుజువయ్యేవరకు, క్యాన్సర్‌గానే భావించాలి. నొప్పి హఠాత్తుగా, తీవ్రంగా వస్తే మాత్రం వృషణం మెలిపడిందని అనుమానించి, స్కానింగ్ కోసం ఆలస్యం చేయకుండా శస్త్రచికిత్సకు పంపాలి; 6 గంటలలోపు సరిచేస్తే వృషణం దక్కే అవకాశం ఎక్కువ.