బేస్‌బాల్ లావాదేవీలు చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: ఆగస్టు బేరాలు, వేవర్ల వరస

గత పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ట్రేడ్లకు, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడికి, పెట్టిన జులై 31 గడువు దాటిపోయింది. ఆగస్టు 5న మీ జట్టు ప్రధాన పిచర్ (బంతి వేసేవాడు) మోచేతికి గాయమైంది. ఇంకో జట్టు నుంచి మంచి పిచర్‌ను తెచ్చుకునే దారి ఉందా?

ఉండేది. 2018 సీజన్ వరకూ ఉండేది. జులై 31ని అందరూ "ట్రేడ్ల గడువు" అన్నా, నిజానికి అది "వేవర్లతో పని లేకుండా ట్రేడ్ చేసుకునే గడువు". వాడుకలో ఆ ముందుమాట రాలిపోయింది. ఆగస్టు కథ అంతా ఆ రాలిపోయిన మాటలోనే ఉంది.

రద్దయిన నిబంధనను ఇప్పుడు ఎందుకు నేర్చుకోవాలని మీకు అనిపించవచ్చు. జులై 31 గడువు 1986లో వచ్చింది. అప్పటి నుంచి 2018 దాకా ఆగస్టులో జరిగిన ఏ ట్రేడ్‌నూ ఈ లెక్క తెలియకుండా అర్థం చేసుకోలేం. పైగా వేవర్లు పోలేదు, వాటి మీద నడిచిన బేరమే పోయింది. ఈ పాఠం పూర్తయ్యేసరికి ఒక ఆటగాడి కాంట్రాక్టు, పాయింట్ల పట్టిక మీ ముందు పెడితే, అతను ఏ జట్టుకు చేరే అవకాశం ఉందో మీరే చెప్పగలగాలి.

వేవర్ అంటే ఏమిటి

వేవర్ అంటే హక్కు వదులుకోవడం. ఒక జట్టు తన ఆటగాడిని వేవర్లపై పెట్టిందంటే, మిగతా జట్లన్నిటినీ "ఇతను మీకు కావాలా?" అని అడిగినట్టు. కావాలనుకున్న జట్టు దాదాపు రెండు పనిదినాల లోపల క్లెయిమ్ వేయాలి. ఎవరూ వేయకపోతే అతను వేవర్లు దాటినట్టు. ఆ తరువాత అతన్ని ఏ జట్టుతోనైనా ట్రేడ్ చేసుకోవచ్చు. ఆగస్టు నెలలో, జట్టు పెద్ద లీగు కోసం నమోదు చేసిన 40 మంది జాబితాలో ఉన్న ఏ ఆటగాడినైనా ట్రేడ్ చేయాలంటే ముందు ఈ గుమ్మం దాటించాలి.

ఇక వరస. దీన్ని కాగితం మీద రాసుకుని చూడండి, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. మేజర్ లీగ్‌లోని 30 జట్లూ నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్ అని రెండు భాగాలు. ఆటగాడు నేషనల్ లీగ్ జట్టువాడైతే, మొదటి హక్కు నేషనల్ లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టుది. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ పైకి, ఆ లీగ్‌లోని మిగతా 14 జట్లూ అయ్యాకే అమెరికన్ లీగ్ వంతు. అక్కడ కూడా అడుగు నుంచే పైకి. అంటే అమెరికన్ లీగ్‌లో అగ్రస్థానంలో ఉన్న జట్టు ఈ వరసలో 29వది, చిట్టచివరిది. ఒకే ఆటగాడికి ఐదు జట్లు క్లెయిమ్ వేసినా, వరసలో ముందున్న ఒక్క జట్టుదే చెల్లుతుంది. మిగతా నలుగురికీ ఇక మాట లేదు.

బలహీనమైన జట్టుకు ముందు అవకాశం ఇవ్వాలన్నది దీని ఉద్దేశం. ఆగస్టులో పిచర్ కోసం తహతహలాడేది మాత్రం టైటిల్ వేటలో ఉన్న జట్టు. అవసరం ఒకరిది, హక్కు మరొకరిది. ఈ వ్యవస్థ నాకు ఆసక్తికరంగా తోచేది ఇందుకే.

క్లెయిమ్ పడితే ఆటగాడి సొంత జట్టుకు మూడు దారులు ఉండేవి. ఆటగాడిని వెనక్కి తీసుకోవచ్చు. క్లెయిమ్ వేసిన జట్టుతో, దానితో మాత్రమే, సుమారు రెండు రోజుల్లో ట్రేడ్ కుదుర్చుకోవచ్చు. లేదంటే బదులుగా ఎవరినీ అడగకుండా, మిగిలిన కాంట్రాక్టుతో సహా ఆటగాడిని అప్పగించవచ్చు. వెనక్కి తీసుకునే అవకాశం సీజన్‌కు ఒక్కసారే. రెండోసారి పెట్టి క్లెయిమ్ పడితే అతను వెళ్లిపోయినట్టే.

వెనక్కి తీసుకునే వీలుంది కాబట్టి జట్లు ఆగస్టులో తమ ఆటగాళ్లలో చాలామందిని వేవర్లపై పెట్టేవి. పెట్టినంత మాత్రాన అమ్మబోతున్నట్టు కాదు. నిజంగా వదిలించుకోవాలనుకున్న పేరు ఆ గుంపులో కనబడకుండా పోయేది. 2018 ఆగస్టులో బ్రైస్ హార్పర్‌కు డాడ్జర్స్ క్లెయిమ్ వేసినప్పుడు పెద్ద వార్త అయింది. అతని సొంత జట్టు నేషనల్స్ అతన్ని వెనక్కి తీసుకుంది, కథ అక్కడితో ముగిసింది. పాత పత్రికల్లో "ఫలానావాడు వేవర్లపై ఉన్నాడు" అనే శీర్షిక చూస్తే, అది ఒక్కటే చూసి ఏ నిర్ణయానికీ రావద్దు.

మిగిలిన బరువు

ఇప్పుడు అసలు మెలకువ. వేవర్లు దాటేది చెడ్డ ఆటగాడని చాలామంది అనుకుంటారు. కాదు. వేవర్లు దాటేది ఖరీదైన ఆటగాడు.

ఒక లెక్క చేద్దాం. ఏడాదికి కోటి 20 లక్షల డాలర్లు తీసుకునే పిచర్ ఉన్నాడు. ఆగస్టు మధ్యకు సీజన్‌లో సుమారు నాలుగో వంతు మిగిలి ఉంటుంది. అతని కాంట్రాక్టు ఈ ఏడాదితో ముగుస్తుంటే క్లెయిమ్ వేసిన జట్టు మీద పడే బరువు 30 లక్షలే. అంత సొమ్ము దాదాపు ఏ జట్టైనా భరిస్తుంది, కాబట్టి అతను వేవర్లు దాటడం కష్టం. అదే పిచర్‌కు ఇంకో రెండేళ్ల కాంట్రాక్టు ఉందనుకోండి. బరువు 2 కోట్ల 70 లక్షలకు పెరుగుతుంది. మనిషి అతనే, బంతి అదే, కానీ క్లెయిమ్ వేయబోయే జనరల్ మేనేజర్ చేయి వణుకుతుంది. సొంత జట్టు వెనక్కి తీసుకోకుండా "మీరే ఉంచుకోండి" అంటే మొత్తం బరువు మోయాలి మరి.

అలా అప్పగించిన సందర్భం 2009 ఆగస్టులో వచ్చింది. టొరంటో బ్లూ జేస్ ఆటగాడు అలెక్స్ రియోస్‌కు ఇంకా 6 కోట్ల డాలర్ల దాకా రావలసి ఉంది. షికాగో వైట్ సాక్స్ క్లెయిమ్ వేసింది. టొరంటో బదులుగా ఒక్క ఆటగాడినీ తీసుకోకుండా అతన్ని పంపేసింది. ఆ కాంట్రాక్టు తమ పుస్తకాల్లోంచి పోవడమే దానికి లాభం.

2012 ఆగస్టు 25 నాటి పెద్ద ట్రేడ్‌ను ఇప్పుడు ఈ చూపుతో చదవండి. బోస్టన్ రెడ్ సాక్స్ నుంచి అడ్రియన్ గొంజాలెజ్, జోష్ బెకెట్, కార్ల్ క్రాఫర్డ్, నిక్ పుంటో లాస్ ఏంజెలస్ డాడ్జర్స్‌కు వెళ్లారు. చేతులు మారిన జీతాల భారం 25 కోట్ల డాలర్లకు పైమాటే. గొంజాలెజ్ అప్పటికి దేశంలోని మంచి ఫస్ట్ బేస్‌మెన్లలో ఒకడు. అయినా అప్పట్లో 14 జట్లే ఉన్న అమెరికన్ లీగ్‌లోని మిగతా 13 జట్లూ అతన్ని వదిలేశాయి, నేషనల్ లీగ్‌లో డాడ్జర్స్ కంటే వరసలో ముందున్న జట్లూ వదిలేశాయి. కారణం ఆట కాదు, 2018 దాకా నడిచే అతని కాంట్రాక్టు. బరువు దిగిన రెడ్ సాక్స్ మరుసటి ఏడాదే వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల తుది పోరు) గెలిచింది.

అడ్డుపుల్ల

తనకు అవసరం లేకపోయినా, వరసలో తన వెనక ఉన్న ప్రత్యర్థికి దక్కకూడదని వేసే క్లెయిమ్‌ను నేను అడ్డుపుల్ల అంటాను. నిబంధనలు దీన్ని ఎక్కడా తప్పుపట్టలేదు. ప్రమాదం మాత్రం ఆటగాడి సొంత జట్టు చేతిలో ఉంటుంది. అది వెనక్కి తీసుకుంటుందనే నమ్మకంతో వేసిన క్లెయిమ్ ఒక్కోసారి మెడకు చుట్టుకుంటుంది.

1998లో శాన్ డియేగో పాడ్రేస్‌కు అదే జరిగింది. టొరంటో క్లోజర్ (ఆట చివర్లో ఆధిక్యాన్ని కాపాడే పిచర్) రాండీ మయర్స్ అట్లాంటా బ్రేవ్స్‌కు దక్కుతాడేమోనన్న భయంతో పాడ్రేస్ క్లెయిమ్ వేసింది. టొరంటో మారు మాట్లాడకుండా అతన్ని అప్పగించింది. కోటి డాలర్లకు పైగా మిగిలిన కాంట్రాక్టు పాడ్రేస్ మీద పడింది. గాయాలతో మయర్స్ ఆ ఏడాది తరువాత మళ్లీ పెద్ద లీగులో బంతి వేయలేదు. ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి: ఆ ఏడాది నేషనల్ లీగ్ ఫైనల్లో పాడ్రేస్ ఎదుర్కొని ఓడించింది ఆ బ్రేవ్స్‌నే. అడ్డుపుల్ల నష్టమా, లాభమా అన్నది నేను తేల్చను. మీరు లెక్క వేయండి. 2000లో యాంకీస్ కూడా హోసే కాన్సెకోను ఇదే ఉద్దేశంతో క్లెయిమ్ చేసింది, టాంపా బే అతన్ని చేతిలో పెట్టింది. అతనికి ఆడే చోటు వెతకడం మేనేజర్‌కు పెద్ద పని అయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ 2010ది. కోడీ రాస్‌ను ఫ్లోరిడా మార్లిన్స్ వేవర్లపై పెట్టింది. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అతనికి క్లెయిమ్ వేసింది. అదే డివిజన్‌లో తమతో పోటీ పడుతున్న పాడ్రేస్‌కు అతను దక్కకూడదన్నది అందులో ఒక ఉద్దేశమని అప్పట్లో అందరూ రాశారు. మార్లిన్స్ అతన్ని ఊరికే ఇచ్చేసింది. అక్టోబర్‌లో ఫిలడెల్ఫియాతో సిరీస్ మొదటి ఆటలోనే ఆ జట్టు పిచర్ రాయ్ హాలడే బంతుల్ని రాస్ రెండుసార్లు స్టాండ్స్‌లోకి పంపాడు. ఆ సిరీస్‌కు అత్యుత్తమ ఆటగాడు అతనే. జెయింట్స్ శాన్ ఫ్రాన్సిస్కోకు వచ్చాక గెలిచిన మొదటి వరల్డ్ సిరీస్ అది.

బదులుగా ఏమిచ్చేవారు

ఇచ్చే జట్టు ఆటగాడు మాత్రమే కాదు, తీసుకునే జట్టు నుంచి వెళ్లేవాళ్లు కూడా 40 మంది జాబితాలో ఉంటే వేవర్లు దాటాలి. చవకైన, ప్రతిభ ఉన్న కుర్రవాడు అస్సలు దాటడు, మొదటి జట్టే పట్టేస్తుంది. అందుకే ఆగస్టు ట్రేడ్లలో బదులుగా వెళ్లేవాళ్లు ఎక్కువగా ఆ జాబితాకు ఇంకా ఎక్కని మైనర్ లీగ్ కుర్రవాళ్లు. జాబితాలో ఉన్నవాడినే ఇవ్వాలనుకుంటే, "ఆటగాడి పేరు తరువాత చెబుతాం" అని రాసుకుని సీజన్ ముగిశాక పంపేవారు. దానికి ఆరు నెలల గడువు. పైన చెప్పిన 2012 ట్రేడ్‌లో రూబీ డి లా రోసా, జెరీ శాండ్స్ బోస్టన్‌కు చేరింది అలాగే, అక్టోబర్‌లో.

మైనర్ లీగ్ కుర్రవాళ్లను ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లు ఇరవై ఏళ్ల తరువాత బయటపడతాయి. 1987 ఆగస్టు 12న డెట్రాయిట్ టైగర్స్ 36 ఏళ్ల డాయల్ అలెగ్జాండర్‌ను అట్లాంటా నుంచి తెచ్చుకుంది. అతను 11 ఆటలు మొదలుపెట్టి 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. టొరంటోను రెండు ఆటల తేడాతో దాటి డెట్రాయిట్ డివిజన్ గెలిచింది. బదులుగా అట్లాంటాకు వెళ్లిన 20 ఏళ్ల మిషిగన్ కుర్రవాడి పేరు జాన్ స్మోల్ట్జ్. 213 విజయాలు, 154 సేవ్‌లు (ఆట చివర్లో ఆధిక్యం కాపాడిన సందర్భాలు), 2015లో హాల్ ఆఫ్ ఫేమ్. 1990 ఆగస్టు చివర బోస్టన్ కూడా రిలీఫ్ పిచర్ లారీ ఆండర్సన్ కోసం జెఫ్ బాగ్‌వెల్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చింది. ఆండర్సన్ బోస్టన్‌కు వేసింది 22 ఇన్నింగ్స్. బాగ్‌వెల్ హ్యూస్టన్‌కు కొట్టింది 449 హోమ్ రన్లు. డెట్రాయిట్‌ను మాత్రం నేను తప్పుపట్టలేను. ఆ ఏడాది వాళ్లకు కావలసింది అలెగ్జాండరే, అతను అడిగిందల్లా ఇచ్చాడు.

ఒక ట్రేడ్‌ను మొదటి నుంచి చివరిదాకా చదువుదాం

2017. జస్టిన్ వెర్లాండర్, డెట్రాయిట్, వయసు 34. తరువాతి రెండేళ్లకు ఏడాదికి 2 కోట్ల 80 లక్షల చొప్పున జీతం రావలసి ఉంది. బరువు చూడండి: ఆ సీజన్ మిగులు కాకుండానే 5 కోట్ల 60 లక్షలు. అతను ఆగస్టులో వేవర్లు దాటాడు. ఇక ఏ జట్టుతోనైనా బేరం చేసుకోవచ్చు, తొందర లేదు. కానీ ఇంకో గడువు ఉంది: ప్లేఆఫ్స్‌లో ఆడాలంటే ఆగస్టు 31 అర్ధరాత్రికి కొత్త సంస్థలో ఉండాలి. పదేళ్లు లీగులో ఆడి, అందులో చివరి ఐదేళ్లూ ఒకే జట్టులో ఉన్నవాడికి ట్రేడ్‌ను కాదనే హక్కు ఉంటుంది కాబట్టి వెర్లాండర్ ఒప్పుకోవడం కూడా అవసరం. ఆగస్టు 31 రాత్రి గడువు ముగియబోతుండగా అతను సరే అన్నాడు. హ్యూస్టన్ ముగ్గురు మైనర్ లీగ్ కుర్రవాళ్లను ఇచ్చింది: ఫ్రాంక్లిన్ పెరెజ్, డాజ్ కామెరన్, జేక్ రోజర్స్. జీతంలో కొంత భాగం డెట్రాయిట్ భరించింది. వెర్లాండర్ సెప్టెంబర్‌లో ఆడిన ఐదు ఆటలూ గెలిచాడు, లీగ్ ఫైనల్లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు, హ్యూస్టన్ వరల్డ్ సిరీస్ గెలిచింది.

బరువు, వరస, జాబితా, ఆగస్టు 31. నాలుగూ ఈ ఒక్క ట్రేడ్‌లో కనిపిస్తాయి.

2019 తరువాత

2019 నుంచి గడువు ఒక్కటే. అది దాటాక, ఆ సీజన్‌లో 40 మంది జాబితాలో చోటు దక్కిన ఆటగాళ్లను ట్రేడ్ చేయడం కుదరదు. వేవర్లపై పెట్టవచ్చు, కానీ క్లెయిమ్ పడితే వెనక్కి తీసుకోవడం లేదు, బేరం లేదు. లీగుల తేడా కూడా పోయింది. వరస ఇప్పుడు మొత్తం 30 జట్లకూ కలిపి అడుగు నుంచి పైకి.

2023 ఆగస్టు చివర లాస్ ఏంజెలస్ ఏంజెల్స్ ప్లేఆఫ్స్ ఆశ వదులుకుని, విలాస పన్ను గీత (జట్టు జీతాల మొత్తం దాటితే పన్ను పడే హద్దు) కిందికి దిగడానికి ఒకేసారి అరడజను మంది దాకా ఆటగాళ్లను వేవర్లపై పెట్టింది. లూకస్ జియోలిటో, రెనాల్డో లోపెజ్, మాట్ మూర్ ముగ్గురినీ క్లీవ్‌లాండ్ పట్టుకుంది. హంటర్ రెన్‌ఫ్రో సిన్సినాటికి, డొమినిక్ లియోన్ సియాటిల్‌కు వెళ్లారు. అందరివీ ఒక్క నెల జీతాలే, బరువు తక్కువ. ఆ మూడు జట్లలో ఒక్కటీ చివరికి ప్లేఆఫ్స్ చేరలేదు.

అభ్యాసం

ఏడాది 2016 అనుకోండి. అమెరికన్ లీగ్‌లో అట్టడుగు జట్టు ఆటగాడు ఒకడు వేవర్లపై ఉన్నాడు, ఏడాది జీతం 80 లక్షల డాలర్లు, కాంట్రాక్టు ఈ సీజన్‌తో సరి. అతను నేషనల్ లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న జట్టుకు కావాలి. అమెరికన్ లీగ్‌లో రెండు జట్లు ప్లేఆఫ్స్ కోసం కొట్టుకుంటున్నాయి. ఆగస్టు 15న మిగిలిన బరువు ఎంత? అతను ఆ నేషనల్ లీగ్ జట్టు దాకా చేరతాడా? మధ్యలో ఎవరు ఆపవచ్చు, ఏ ఉద్దేశంతో? కాంట్రాక్టు ఇంకో మూడేళ్లు ఉంటే మీ జవాబు ఎలా మారుతుంది? వరసను కాగితం మీద గీసి, ప్రతి జట్టు పక్కనా అది క్లెయిమ్ వేస్తుందో లేదో, ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. జవాబును 6వ పాఠం మొదట్లో చూద్దాం. ఆ పాఠం డిసెంబర్‌లో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్ (40 మంది జాబితాలో లేని ఇతర జట్ల ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) గురించి, కాబట్టి 40 మంది జాబితా మీద మనం చేసిన 2వ పాఠాన్ని ఈలోగా మరోసారి చదివి ఉంచుకోండి.