సముద్రం లేని సీమ నుంచి షిప్ పైలట్ కావాలంటే: లైసెన్సు ఎవరిస్తారు, ఇచ్చినాంక ఎవరు చూస్తారు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చే టైముకి కడపలో ఏడు రోడ్ల కాడ నుంచి పల్లెల దాకా మర్చంట్ నేవీ ఫ్లెక్సీలు మొదలైతాయి, ఆరు నెలల కోర్సు, లక్షల్లో జీతం, షిప్ కూడా నడపచ్చు అని. అందుకే ముందుగా ఒక్క మాట చెప్తా, ఇది అర్థమైతే మీ డబ్బులు సగం మిగిలినట్టే. ఇంటర్ అయినాంక నేరుగా చేరే మెరైన్ పైలట్ కోర్సు అంటూ ఏదీ లేదు. పైలట్ లైసెన్సు కాలేజీ ఇచ్చేది కాదు, పోర్టు ఇచ్చేది, అదీ మామూలుగా సముద్రం మీద ఏండ్ల తరబడి పనిచేసి కెప్టెన్ సర్టిఫికెట్ తెచ్చుకున్నోళ్ళకి. ఆ ఆరు నెలల కోర్సు మామూలుగా జీపీ రేటింగ్, షిప్‌లో సిబ్బందిగా చేరడానికి పనికొచ్చేది. దాంట్లో తప్పేం లేదు, మంచి ఉద్యోగమే, కానీ దాన్ని చూపించి పైలట్ అయిపోతావు అని చెప్తే మాత్రం నమ్మద్దండి.

అసలు పైలట్ చేసే పనేంది? మన మంగంపేట బెరైటీస్ గుర్తుంది కదా, ఆ ఖనిజం చెన్నైకో కృష్ణపట్నానికో పోయి షిప్ ఎక్కుతాది. ఆ షిప్ కెప్టెన్ ఏ దేశపోడో, ప్రపంచమంతా తిరిగినోడే కావచ్చు, కానీ ఆ పోర్టులో ఏ మూల ఇసుక మేట వేసిందో, ఏ టైముకి నీళ్ళు ఎటు లాగుతాయో ఆయనకి తెలీదు. గువ్వలచెరువు ఘాట్‌లో పెద్ద ట్రైలర్ ఎక్కించే బయటి రాష్ట్రం డ్రైవర్ పక్కన ఆ మలుపులన్నీ తెలిసిన మనోడు కూచున్నట్టు, పోర్టు బయట సముద్రంలోనే పైలట్ చిన్న బోటులో వచ్చి, తాడు నిచ్చెన పట్టుకుని షిప్ ఎక్కి, టగ్గులకి (షిప్‌ని లాగే, నెట్టే చిన్న బోట్లు) ఆర్డర్లు ఇచ్చుకుంటా బెర్తు, అంటే షిప్ కట్టేసే జాగా దాకా తీసుకొస్తాడు. 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ యాక్ట్‌లోనే రెండొందల టన్నులు దాటిన షిప్పులు నోటిఫై చేసిన పోర్టుల్లో పైలట్ లేకుండా రావడానికి, పోవడానికి, కదలడానికి కూడా లేదని ఉండేది. ఆ పాత చట్టం స్థానంలో 2025లో కొత్త పోర్టుల చట్టం వచ్చింది, కాబట్టి పాత గైడ్లలో సెక్షన్ నంబర్లు బట్టీ కొట్టకండి. ఇంకోటి, పైలట్ ఎక్కినంత మాత్రాన కెప్టెన్ బాధ్యత తీరిపోదు, ఎస్‌టీసీడబ్ల్యూ (షిప్ సిబ్బంది శిక్షణ, సర్టిఫికెట్ల అంతర్జాతీయ ఒప్పందం) రూల్స్‌లో స్పష్టంగా ఉంది. పనామా కాలువ ఒక్కటి పేరున్న మినహాయింపు, అక్కడ కంట్రోల్ పైలట్ చేతికే పోతాది.

ఇంగ దారి చెప్తా. ఇంటర్‌లో ఎంపీసీ ఉండాల, ఫిజిక్స్ కెమిస్ట్రీ మ్యాథ్స్ కలిపి 60 శాతం, ఇంగ్లీషులో 50 శాతం, ఆపైన ఐఎంయూ సెట్ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంట్రన్స్) రాయాల. వయసు లిమిట్ ఆ ఏడు నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. మనోళ్ళు శానా మంది జారిపోయేది ఇక్కడే. మెరైన్ అని పేరుంది కదా అని బీటెక్ మెరైన్ ఇంజనీరింగ్‌లో చేర్పిస్తారు, పిల్లోడు నాలుగేండ్లు చదివి ఇంజన్ రూములోకి పోతాడు, చీఫ్ ఇంజనీర్ కూడా అయితాడు, మంచి జీతమే, కానీ ఆ దారిలో పైలట్ కాలేడు. పైలట్ కావాలంటే డెక్ సైడ్, అంటే షిప్ నడిపే వైపు పోవాల: ఒక సంవత్సరం డీఎన్ఎస్ (డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్), లేదంటే మూడేండ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్. డీఎన్ఎస్‌కి షిప్పింగ్ కంపెనీ స్పాన్సర్‌షిప్ ముందరే కావాల, అది లేకుండా సీటు ఇప్పిస్తాం అంటే నాలుగు సార్లు అడగండి.

ఫీజు కట్టకముందే కంటి పరీక్ష చేయించండి, ఊర్లో అద్దాల షాపులో కాదు, డీజీ షిప్పింగ్ (షిప్పింగ్ చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తించిన డాక్టర్ దగ్గర. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే డెక్ సైడ్ తలుపు మూసుకున్నట్టే, ఎందుకంటే రాత్రి పూట ఎర్ర లైటా పచ్చ లైటా అన్నదాని మీదే ఎదుటి షిప్ ఎటు పోతాందో తెలిసేది. శానా మంది మగపిల్లలకి ఈ తేడా ఉన్నట్టు కూడా తెలీదు, లక్షలు కట్టినాంక మెడికల్‌లో బయటపడతాది. ఇన్‌స్టిట్యూట్ పేరు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో అప్రూవ్డ్ లిస్టులో ఉందా చూడండి, ఉద్యోగం ఇప్పించే ఏజెంట్‌కి ఆర్‌పీఎస్ఎల్ (షిప్ ఉద్యోగాలు ఇప్పించే అనుమతి) లైసెన్స్ నంబర్ ఉందా అడగండి. ఉద్యోగం ఇప్పించినందుకు సీమన్ దగ్గర డబ్బు తీసుకోవడమే రూల్స్‌కి విరుద్ధం, సీమన్ల హక్కుల మీద ఉన్న ఎంఎల్‌సీ 2006 అంతర్జాతీయ ఒప్పందంలోనే ఆ మాటుంది, ప్లేస్‌మెంట్ చార్జీ అని నోరు తెరిచినోడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

చదువు అయినాంక క్యాడెట్‌గా, అంటే ట్రైనీగా సముద్రం మీద, డీఎన్ఎస్ వాళ్ళకి 18 నెలలు, బీఎస్సీ వాళ్ళకి 12 నెలలు. ఆపైన సెకండ్ మేట్, ఫస్ట్ మేట్, చివరికి మాస్టర్ (అంటే కెప్టెన్), మూడు పరీక్షలు. రాసేవి ఒక ఎత్తు, ఎంఎండీ (మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్) ఆఫీసులో సర్వేయర్ ముందర ఓరల్స్ ఇంకో ఎత్తు. ఎస్‌టీసీడబ్ల్యూ లెక్కన మాస్టర్ సర్టిఫికెట్‌కి వాచ్ ఆఫీసర్‌గా కనీసం 36 నెలల సీ టైం ఉండాల, అందులో 12 నెలలు చీఫ్ మేట్‌గా చేసుంటే 24 చాలు. మధ్యలో లీవులు, కోర్సులు, పెండ్లి, అమ్మానాన్నల ఆరోగ్యం అన్నీ కలుపుకుంటే వయసు ముప్పై పైమాటే అనుకోండి.

మాస్టర్ చేతికొచ్చినాంకే పోర్టు తలుపు తట్టేది. విశాఖ లాంటి మేజర్ పోర్టులో మెరైన్ డిపార్ట్‌మెంట్ ఉంటాది, దానికి పెద్ద డిప్యూటీ కన్జర్వేటర్, ఆయన కింద హార్బర్ మాస్టర్, పైలట్లు. కృష్ణపట్నం, కాకినాడ, గంగవరం లాంటివి ఏపీ మారిటైమ్ బోర్డు పరిధిలోకి వస్తాయి. చేరంగానే షిప్ చేతికివ్వరు. సీనియర్ పైలట్ వెనకాల నిలబడి పగలూ రాత్రీ, లోపలికీ బయటికీ, గాలి ఉన్నప్పుడూ లేనప్పుడూ చూడాల, ఆపైన ఆయన పక్కనుండగా తాను నడపాల. పరీక్షలో చార్టు (సముద్రం మ్యాపు) చూడకుండా ఛానల్, అంటే షిప్ వచ్చే లోతైన దారి చెప్పాల, ఏ బోయ్ (దారి చూపే తేలే గుర్తు) యాడుంది, లైటు ఎన్ని సెకన్లకి ఒకసారి వెలుగుతాది, లోతెంత, టగ్గు పవరెంత అన్నీ. పాసైనా మొదట చిన్న షిప్పులకే పర్మిషన్, పొడుగు, డ్రాఫ్ట్ (నీళ్ళలో మునిగే లోతు) ప్రకారం మెట్టు మెట్టుగా పెంచుతారు.

ఈ మెట్లు ఊరికే పెట్టింది కాదు. 1996 ఫిబ్రవరిలో వేల్స్‌లో మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర సీ ఎంప్రెస్ అనే ట్యాంకర్ రాళ్ళకెక్కింది, సుమారు 72 వేల టన్నుల క్రూడ్ సముద్రం పాలైంది. ఎంక్వైరీలో పైలట్ పొరపాటుతో పాటు, అంత పెద్ద ట్యాంకర్లు నడపడంలో ఆయనకి ఇచ్చిన శిక్షణ, అనుభవం చాల్లేదని తేలింది. అంటే లైసెన్సు ఇచ్చినోడి మీదా ప్రశ్న పడింది. అందుకే ట్రైనింగ్ పొడిగిస్తే విసుక్కోకండి, తొందరగా పై క్లాసు (ఇంకా పెద్ద షిప్పుల పర్మిషన్) ఇచ్చే పోర్టు గురించే జంకండి.

ఒక పోర్టు లైసెన్సు ఇంకో పోర్టులో చెల్లదు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఇరుకు ఛానల్‌లో పదేండ్లు షిప్పులు తిప్పినా, కోల్‌కతాకి పోతే హుగ్లీ నదిలో రెండొందల కిలోమీటర్లకి పైన పైలటేజ్, ఇసుక తిన్నెలు జాగా మారతా ఉంటాయి, మళ్ళీ అఆల నుంచి నేర్చుకోవాల్సిందే.

లైసెన్సు వచ్చినాంక కథ అయిపోయిందనుకుంటారు. ఐఎంఓ (ఐక్యరాజ్యసమితి సముద్ర రవాణా సంస్థ) 2003లో ఏ.960 అనే తీర్మానం చేసింది, పైలట్ల శిక్షణ, సర్టిఫికేషన్ మీద దేశాలన్నిటికీ అదే మాదిరి. దాని ప్రకారం పైలట్ ఇంకా పనికొస్తున్నాడా లేదా అని ఐదేండ్లకి మించకుండా మళ్ళీ చూడాల: ఒంట్లో బాగుందా, ఈ మధ్య ఆ ఛానల్‌లో పనిచేశాడా, కొత్త రూల్స్ తెలుసా అని. శానా రోజులు డ్యూటీకి దూరమైతే తిరిగొచ్చినాంక ఛానల్ మళ్ళీ పరిచయం చేసుకోవాల. యాక్సిడెంట్ అయితే విచారణ, అవసరమైతే సస్పెన్షన్.

ఇందులో మెడికల్ గురించి గట్టిగా చెప్పాల. 2007 నవంబర్ 7న శాన్ ఫ్రాన్సిస్కోలో పొగమంచులో కాస్కో బుసాన్ అనే కంటైనర్ షిప్ బే బ్రిడ్జి రక్షణ కట్టడానికి గీసుకుపోయింది, 53 వేల గ్యాలన్ల పైన, అంటే రెండు లక్షల లీటర్ల ఆయిల్ కారింది. పైలట్ వాడుతున్న మందుల ప్రభావం ఆయన ఆలోచన మీద పడిందని ఎన్‌టీఎస్‌బీ (అమెరికాలో ప్రమాదాలు విచారించే సంస్థ) తేల్చింది, బయల్దేరే ముందు కెప్టెన్, పైలట్ కూచుని ప్లాన్ సరిగ్గా మాట్లాడుకోలేదని రాసింది, పైలట్ మెడికల్ చూడాల్సిన కోస్ట్ గార్డ్ సరిగ్గా చూడలేదని కూడా రాసింది. పైలట్ జైలుకి పోయినాడు. కాబట్టి నిద్ర మాత్ర అయినా, నొప్పి మాత్ర అయినా డాక్టర్‌కి చెప్పండి, దాచిపెట్టి డ్యూటీ చేయడం ధైర్యం కాదు.

రోజూ పనిలో పాటించాల్సినవి కొన్ని. షిప్ ఎక్కంగానే పైలట్ కార్డు (షిప్ వివరాలుండే కాగితం) తీసుకోండి, ఇంజన్, రడ్డర్ (చుక్కాని) ఎట్లున్నాయో కెప్టెన్‌ని అడిగి, ఏ దారిలో పోతామో ఆయనకి చెప్పి ఒప్పించండి. నిచ్చెన ఎక్కే ఎత్తు తొమ్మిది మీటర్లు దాటితే ఒట్టి తాడు నిచ్చెన కుదరదు, అకామడేషన్ ల్యాడర్ (షిప్ పక్కన దించే మెట్లు) జోడించాల, సోలాస్ (సముద్రంలో ప్రాణ రక్షణ ఒప్పందం) రూల్ అది. మెట్టు విరిగి ఉన్నా తాడు నలిగి ఉన్నా ఎక్కనని చెప్పే హక్కు పైలట్‌కి ఉంది, ఆ నిచ్చెనల మీద ప్రాణాలు పోయిన పైలట్లు ఉన్నారు, ఏజెంట్ లేటైతాంది అని ఫోన్లో అరుస్తాడు, అరవనీ. ఆర్డర్లు గట్టిగా, స్పష్టంగా ఇవ్వండి, వీడీఆర్‌లో (షిప్ బ్లాక్ బాక్స్) షిప్ నడిపే గదిలో మాటలన్నీ రికార్డవుతాయి. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో డాలీ షిప్ కరెంటు పోయి బ్రిడ్జిని గుద్దినప్పుడు, పైలట్ ముందే చెప్పబట్టి పోలీసులు బండ్లు ఆపగలిగినారు, అయినా బ్రిడ్జి మీద పనిచేస్తున్న ఆరుగురు చనిపోయినారు.

పోర్టు నోటిఫికేషన్ పడినప్పుడు జీతం గడి ఒక్కటే చూడకండి. రెగ్యులర్ పోస్టా కాంట్రాక్టా, ట్రైనింగ్‌లో ఎన్ని షిప్పులు చూడాల, పరీక్ష తప్పితే మళ్ళీ అవకాశం ఉందా, పై క్లాసుకి ఎన్ని మూవ్‌మెంట్లు (షిప్ నడిపిన సార్లు) కావాల, వరసగా ఎన్ని గంటలు డ్యూటీ వేస్తారు, మధ్యలో రెస్ట్ ఎంత, ఇవి రాతపూర్వకంగా తీసుకోండి. మెడికల్ ఎవరు చేస్తారో, ఎన్నాళ్ళకొకసారో కూడా అందులోనే ఉండాల. జవాబు నోటి మాటగా చెప్తాం అంటే ఈమెయిల్‌లో పెట్టమనండి.